పెరిగాక ఎంతుంటుందో అడిగావా?

ఉండి,
పశ్చిమ గోదావరి జిల్లా.
కార్తీక మాసం.

మేనల్లుడికి,

కార్తీకం కదా, మీ అత్త ఇంట్లో చేప వండటం మానేసింది. ఊళ్లో అమ్మకం కూడా తగ్గింది. అందుకని చెరువు పట్టుబడి ఒక నెల వాయిదా వేశాను. వాయిదా నాకే గానీ చేపలకు కాదు. అవి రోజూ తింటున్నాయి, రోజూ పెరుగుతున్నాయి. నువ్వడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రాజమండ్రి దానవాయిపేటలో నీ ఫ్లాటు, హాల్లో టీవీ పక్కన రెండడుగుల గాజు తొట్టి, అందులో రెండు షార్కులు, ఒక రెడ్ బెల్లీ, ఒక ఆస్కార్, అద్దానికి నోరు అంటించుకుని ఒక నల్ల చేప. "వచ్చే ఏడాది మూడడుగుల తొట్టి కొంటాను మావయ్యా, సరిపోతుందా" అన్నావు. ఫోన్లో సరిపోదు అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. నీకు కోపం రాకపోయినా మనసు చిన్నబుచ్చుకుంటావని తెలుసు. పైగా ఎందుకు సరిపోదో తెలియకపోతే మూడు కాకపోతే మూడున్నర అడుగులని బయలుదేరతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వు చేపల మీద ఇష్టం పెంచుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకెంత సంతోషం కలిగిందో మాత్రం ముందు చెప్పాలి. చిన్నప్పుడు సెలవులకొస్తే గట్టు మీద నుంచి కదిలేవాడివి కాదు. ఆ ఇష్టం నిజమైనదే కాబట్టి నీకు ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాను.

ముందు నీ షార్కుల సంగతి. వెండిరంగు ఒళ్లు, పక్కన నల్ల చార, ముఖానికి మించిన కళ్లు, మూతి దగ్గర చిన్న మీసాలు. వాటిని గుర్తుపట్టడానికి నాకు కళ్లజోడు కూడా అక్కర్లేదు. సొరచేపతో వాటికి ఏ బంధుత్వమూ లేదు, అవి జెల్ల జాతి చేపలు. దుకాణంలో నీకు షార్క్ అని అమ్మింది పంగాసియస్ పిల్లల్ని. నా చెరువులో ఎకరానికి ఎనిమిది వేల చొప్పున వేసింది ఆ చేపనే. రెడ్ బెల్లీ అని ఇచ్చింది రూప్‌చంద్. దాన్ని చూసి పిరానా అని భయపడేవాళ్లున్నారు. పిరానాకి దూరపు చుట్టమే, కానీ దాని పళ్లు మన పళ్లలా చదునుగా ఉంటాయి, గింజలూ కాయలూ నమిలే పళ్లు. ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో ఈ రెండింటినీ కలిపి పెంచేవాళ్లు ఎందరో ఉన్నారు. అంటే నువ్వు టీవీ పక్కన పెట్టుకున్నవి రంగు చేపలు కావు బాబూ, మనం లారీల్లో ఐసు వేసి పంపే చేపలు.

ఒక్కోదాని పుట్టిల్లు ఎక్కడో కూడా తెలుసుకో. పంగాసియస్‌ది మెకాంగ్ నది. థాయిలాండ్, కంబోడియా, వియత్నాం మీదుగా పారే మహానది అది. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ నుంచి బెంగాల్‌లోకి వచ్చి, అక్కడి నుంచి మన వైపు దిగింది. నదిలో అది నాలుగడుగులు దాటుతుంది, నలభై కిలోలకు పైగా తూగుతుంది. వరద నీటి సమయానికి గుంపులు గుంపులుగా వందల కిలోమీటర్లు ఎదురెక్కి గుడ్లు పెడుతుంది. మన పులస సముద్రంలోంచి బయలుదేరి వరద గోదారికి ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వస్తుందే, మెకాంగ్‌లో ఈ చేప ప్రయాణం అలాంటిది. రూప్‌చంద్‌ది అమెజాన్. అది పాతిక కిలోల దాకా పెరగగలదు. నీ ఆస్కార్ కూడా ఆ అమెజాన్‌దే, అయితే అది అడుగు దగ్గర ఆగుతుంది. కాబట్టి దాని లెక్క వేరు, తర్వాత చెబుతాను.

మొన్న మంగళవారం తెల్లవారకముందే కుర్రాళ్లతో విసురు వల వేయించి చూశాను. పట్టుబడి వాయిదా వేసినప్పుడు ఎంత పెరిగాయో తెలియాలి కదా. వల గట్టు మీదకు లాగగానే ఒకటి ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. రెండు చేతులా పట్టుకుంటే గానీ ఆగలేదు. కాటా మీద కిలో రెండు వందలు. మోచేతి నుంచి వేలి కొస దాకా పెట్టి చూస్తే మూర దాటి తోక బయటికొచ్చింది. దాన్ని వేసింది ఎనిమిది నెలల కింద, నా చిటికెన వేలంత ఉన్నప్పుడు. ఇప్పుడు దాన్ని నీ తొట్టిలో వేశావనుకో. పొడవునా పడుకోబెడితే ముందూ వెనకా నాలుగు వేళ్లు కూడా మిగలవు. తొట్టి వెడల్పు అడుగు, చేప పొడవు అడుగున్నర దాటింది. వెనక్కి తిరగాలంటే ఒళ్లు వంచి తిరగాలి. రోజూ వందసార్లు అలా వంచి తిరగాలి.

నువ్వు అంగుళాల్లో ఆలోచిస్తున్నావు, పొరపాటు అక్కడే మొదలవుతోంది. నీ షార్క్ ఇప్పుడు మూడంగుళాలు. ఆరంగుళాలైతే రెండింతలైందనుకుంటావు. కాటా మీద పెట్టి చూడు, ఎనిమిదింతలవుతుంది. పొడవు రెండింతలైతే ఎత్తూ రెండింతలు, లావూ రెండింతలు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. పన్నెండంగుళాలైతే అరవై నాలుగింతలు. పెద్దయ్యే కొద్దీ చేప తన బరువుతో పోలిస్తే తక్కువే తింటుంది. పిల్లకు ఒంటి బరువులో పదో వంతు మేత వేస్తే, ఎదిగినదానికి రెండు మూడు శాతం చాలు. అంత తగ్గించి లెక్కేసినా పిల్లప్పుడు తిన్నదానికి ఎన్నో రెట్లు తింటుంది. అన్ని రెట్ల మలమూ, అన్ని రెట్ల అమ్మోనియా ఆ నీటిలోకే వస్తాయి. తొట్టి మాత్రం రెండు నుంచి మూడడుగులైంది.

ఇక దుకాణంలో నీకు చెప్పిన మాట. "చేప తొట్టిని బట్టే పెరుగుతుంది సార్, చిన్న తొట్టిలో చిన్నగానే ఉండిపోతుంది" అన్నారట. ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. దీని మీద నాకు మాట్లాడే హక్కుంది, ఎందుకంటే చేపల్ని కావాలని ఎదగనివ్వకుండా ఆపడం మా వ్యవసాయంలో ఒక పద్ధతి. నీకెప్పుడూ చెప్పలేదు కదూ. శీలావతి, బొచ్చె పిల్లల్ని హేచరీ నుంచి తెచ్చి పిల్ల చెరువులో బాగా ఇరుగ్గా వేస్తాం. తవుడు కొంచెం కొంచెం, ప్రాణం నిలబడేంత వేస్తాం. ఏడాది అలా ఉంచుతాం. మామూలుగా కిలో అవ్వాల్సిన చేప నూట యాభై, రెండు వందల గ్రాముల దగ్గర నిలబడిపోతుంది. ఆ ఏడాది పిల్లని పట్టి పెద్ద చెరువులో వేస్తే, ఆకలిగా ఉన్నవాడికి విస్తరి వేసినట్టు, పోటీ పడి తిని పెరుగుతుంది. ముందు పోయిన ఎదుగుదలను కూడా కలుపుకుంటుంది. కొల్లేటి చుట్టుపక్కల పెద్ద చెరువుల సాగు చాలావరకు ఇలాంటి పిల్ల మీదే నడుస్తుంది.

దీన్ని బట్టి నీకేం తెలుస్తోంది? పిల్ల చెరువులో ఆ చేప స్థలాన్ని చూసుకుని బుద్ధిగా ఆగలేదు. ఆకలీ ఇరుకూ దాన్ని ఆపాయి. పెరగాలన్న కోరిక దాని ఒంట్లో ఎక్కడికీ పోలేదు, చోటు దొరికిన రోజున బయటపడింది. ఆ ఏడాది పిల్లని చేతిలోకి తీసుకుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తల పెద్దది, కళ్లు పెద్దవి, తల వెనక ఒళ్లు సన్నగా జారిపోయి ఉంటుంది. నేను ఆ పని చేస్తానంటే ఏడాది తర్వాత దానికి ఐదెకరాల నీరు ఇస్తానని తెలిసి చేస్తాను. నువ్వు రెండడుగుల తొట్టిలో ఆపితే ఆ తర్వాత ఇవ్వడానికి నీ దగ్గర ఏముంది?

ఆ ఇరుకులోనే ఏళ్ల తరబడి ఉంచితే ఏమవుతుందో ఒకసారి చూశాను. తణుకు దారిలో ఒక హోటల్లో భోజనానికి ఆగాం. చేతులు కడుక్కునే చోట గాజు తొట్టి. అందులో ఒకే ఒక్క పంగాసియస్, అడుగుకు కాస్త తక్కువ. ఐదారేళ్ల నుంచి ఉందన్నారు, మెచ్చుకోలుగానే చెప్పారు. దాని వెన్ను తోక దగ్గర ఒక పక్కకు వంగిపోయి ఉంది. మూతి మీద చర్మం లేచిపోయి తెల్లగా మచ్చ కట్టింది. ఈ చేపకు చూపు అంతంత మాత్రం, బెదురు ఎక్కువ. ఎవరో లైటు వేసినా, పిల్లాడు అద్దం మీద కొట్టినా కళ్లు మూసుకున్నట్టు ముందుకు దూకుతుంది. నదిలో అయితే అలా దూకి వంద గజాలు పోతుంది. ఇక్కడ అద్దానికి కొట్టుకుంటుంది. నేను చేతులు తుడుచుకునే లోపల రెండుసార్లు కొట్టుకుంది. రెండు తోక దెబ్బలు, మలుపు, మళ్లీ రెండు తోక దెబ్బలు, మలుపు. ఆ రోజు అన్నం సయించలేదు నాకు. వేల చేపల్ని చంపి అమ్మేవాడివి, ఒక్కదానికి ఇంత బాధేంటి అని నువ్వు అడగొచ్చు. నా చెరువులో చేప ఎనిమిది నెలలో పది నెలలో బతుకుతుంది, ఆ కొన్నాళ్లూ చేపలా బతుకుతుంది. ఈ రెంటికీ తేడా ఉందని నేను నమ్ముతాను.

చెరువు మాట వచ్చింది కాబట్టి ఒక్కసారి నాతో కలిసి లెక్కేయి. నువ్వు ఇంజనీరింగ్ చదివినవాడివి, నాకంటే త్వరగా తేలుస్తావు. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. ఐదడుగుల నీరు నిలబెడతాం. ఘనపుటడుగుకు 28 లీటర్ల చిల్లర. మొత్తం అరవై లక్షల లీటర్ల పైమాటే. బొచ్చె, శీలావతి ఎకరానికి రెండు వేలు వేస్తే చేపకు మూడు వేల లీటర్లు వస్తుంది. పంగాసియస్ ఎనిమిది వేలు వేస్తాం, ఇరుకు సాగని అందరూ తిట్టుకునే సాగు ఇది, అందులో కూడా ఒక్కో చేపకు ఏడు వందల యాభై లీటర్లు దాటుతుంది. పైగా ఆ నీటికి మట్టి అడుగు ఉంది, ఎండలో ఆక్సిజన్ పుట్టించే నాచు ఉంది, కాలువ ఉన్నప్పుడు కొత్త నీరు ఉంది. నీ రెండడుగుల తొట్టి, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, నిండా పోస్తే యాభై ఆరు లీటర్లు. అందులో ఐదు చేపలు.

ఇంత నీరున్నా మాకు నిద్ర పట్టని రాత్రులుంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాక, లేదా మూడు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోతే, తెల్లవారుజామున చేపలు తేలతాయి. గట్టు మీద నుంచి టార్చి వేస్తే నీటి మీద నోళ్లే కనిపిస్తాయి. అప్పుడు ఏరేటర్లు వేయడం, ఇంజిన్లు పెట్టి నీళ్లు తిప్పడం, ఆక్సిజన్ మాత్రలు చల్లడం. నీరు వేడెక్కే కొద్దీ దానిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల పైన పట్టుకుంటే, 32 డిగ్రీల నీరు ఏడు చిల్లర పట్టుకుంటుంది. మేలో రాజమండ్రి ఎండ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. నీరు వేడెక్కితే అమ్మోనియాలో విషపు పాలు కూడా పెరుగుతుంది. ఒకవైపు ఊపిరి తగ్గి, ఇంకోవైపు విషం పెరుగుతుంది. ఎక్కువ నీరుంటే ఈ మార్పు మెల్లగా వస్తుంది, నువ్వు చూసుకుని సర్దుకునే వ్యవధి ఉంటుంది. యాభై లీటర్లలో మధ్యాహ్నం కరెంటు పోతే సాయంత్రానికి అయిపోతుంది. పంగాసియస్ పైకొచ్చి గాలి మింగగలదు కాబట్టి అది తట్టుకుంటుంది. ఆస్కార్‌కి ఆ వీలు లేదు. షార్కులు బాగానే ఉన్నాయి కదా అని నీటిని నమ్మకు.

చిన్నప్పుడు మీ అమ్మమ్మ చెప్పిన మత్స్యావతారం కథ గుర్తుందా? సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం చేస్తుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వస్తుంది. పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమంటుంది. కమండలంలో వేసుకుని ఇంటికి తెస్తాడు. తెల్లారేసరికి కమండలం చాలదు. కుండ చాలదు. కొలను చాలదు. మడుగు చాలదు. చివరికి సముద్రంలో వదులుతాడు. దాన్ని దేవుడి మహిమగా వింటాం. చేపల మధ్య ఇన్నేళ్లు బతికాక నాకు ఆ కథ కట్టినవాడు చేపను దగ్గరగా చూసినవాడనిపిస్తుంది. చాలా చేపలు మనలా ఇరవై ఏళ్లకు ఎదగడం ఆపవు. మెల్లగానైనా బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. సత్యవ్రతుడు ప్రతిసారీ దాని ఇవాళ్టి కొలతకు సరిపోయే పాత్ర వెతికాడు, ప్రతిసారీ అది చాలలేదు. నువ్వు రెండడుగులు, మూడడుగులు, తర్వాత నాలుగు అంటున్నది కూడా ఆ దారే. ఆయనకు చివర్లో సముద్రం ఉంది. నీకు గోదావరి ఉందనుకుంటావేమో, లేదు. ఎందుకో చెబుతాను.

ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. పదిహేనేళ్ల కింద మా అమ్మాయి గాజు తొట్టి పెట్టించుకుంది. నాచు తింటుందని ట్యాంక్ క్లీనర్ అనే నల్ల చేపని కొన్నాం. నీ తొట్టిలో అద్దానికి అంటుకుని ఉన్నదే. అమ్మాయి పెళ్లయి వెళ్లేసరికి అది అడుగు దాటింది. చంపడానికి చేతులు రాలేదు, తొట్టిలో ఉంచడానికి జాగా లేదు. ఒక సాయంత్రం బకెట్లో వేసుకెళ్లి కాలువలో వదిలేశాను. అది నీళ్లలోకి జారి వెళ్లిపోతుంటే మంచి పని చేశాననే అనుకున్నాను, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

కొన్నేళ్లకు పట్టుబడిలో వల లాగుతుంటే ఎక్కడో పట్టేసి చిరిగింది. చూస్తే అవే. ఒళ్లంతా కవచంలాంటి ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. విడదీయబోయిన కుర్రాడి అరచెయ్యి కోసుకుపోయింది. తినేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఆ వేసవిలో నీరు తగ్గాక గట్టు లోపలి వైపు పిడికిలి పట్టే బొరియలు వరసగా కనిపించాయి. అది గట్టు తొలిచి లోపల గుడ్లు పెడుతుంది. వర్షాలకు ఆ మేర గట్టు జారింది. తూముకు జాలీ ఉన్నా సన్న పిల్ల వచ్చేస్తుంది. ఇప్పుడిది నా ఒక్కడి బాధ కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లు పట్టి చూస్తే, తూర్పు కనుమల్లో వాళ్లు పరీక్షించిన నీటి వనరుల్లో అరవై శాతం చోట్ల ఈ చేప చేరిపోయిందని తేలింది. అమెజాన్ ప్రాంతం నుంచి అది ఈది రాలేదు. ఎవరెవరి ఇళ్లలోని తొట్ల నుంచో, అమ్మకానికి పెంచిన చోట్ల నుంచో వచ్చింది. 2023లో కశ్మీర్ దాల్ సరస్సులో మొసలి మూతి ఉన్న ఎలిగేటర్ గార్ దొరికింది. ఉత్తర అమెరికా చేప అది. దాన్ని కూడా తొట్టిలో పెట్టుకున్నవాళ్లే తెచ్చి ఉంటారు.

మా గట్టు తొలిచినవి నేను వదిలిన చేప సంతానమని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఈ మాట నా మనసులో చాలా కాలం నుంచి ఉంది. పుష్కర ఘాట్ నీ ఇంటికి దగ్గర. ఏదో ఒక రోజు బకెట్ పట్టుకుని మెట్లు దిగాలనిపిస్తుంది, పుణ్యమని కూడా అనిపిస్తుంది. ఆ రోజు నీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

అందుకని చేప కొనే ముందు దుకాణంలో ధర తర్వాత అడుగు. పెరిగాక ఎంతుంటుంది, ఎన్నాళ్లు బతుకుతుంది, ఈ రెండూ ముందు అడుగు. వాళ్లు చెప్పలేకపోతే కొనకుండా రా, ఫోన్లో నన్నడుగు. ఎదిగిన చేప పొడవుకు నాలుగింతలు తొట్టి పొడవు ఉండాలి, ఒకటిన్నర ఇంతలు వెడల్పు ఉండాలి. ఇది నా లెక్క, ఇంతకంటే తగ్గితే నాకు మనసొప్పదు. ఎత్తు గురించి అంత తాపత్రయం వద్దు, చేప అడ్డంగా ఈదుతుంది, ఊపిరి తీసుకునే గాలి నీటి పైభాగం నుంచే దిగుతుంది. ఎత్తుగా, సన్నగా ఉండే తొట్లు చూడటానికి మనకు బాగుంటాయంతే. ఈ లెక్కన పంగాసియస్‌కి తొట్టి కట్టి చూడు, పదహారు అడుగులు తేలుతుంది. ఎర్ర తోక క్యాట్ ఫిష్‌కి కూడా అంతే, రూప్‌చంద్‌కి కాస్త తక్కువ. ఇళ్లలో పెట్టుకునే చేపలు కావవి. అరోవానా అంటే నీకు మోజని తెలుసు. అది మూడడుగులవుతుంది, పైగా గెంతుతుంది. సొంత ఇల్లు కట్టుకుని కింది అంతస్తులో పన్నెండడుగుల తొట్టి కట్టించిన రోజున చూద్దాం.

నీకు తగినది ఆస్కార్. అదొక్కటే. మొదటి ఏడాది నెలకు అంగుళం చొప్పున పెరిగి అడుగు దగ్గర నిలకడవుతుంది. మనిషిని గుర్తుపడుతుంది, నువ్వు ఆఫీసు నుంచి రాగానే అద్దం దగ్గరకు వస్తుంది. దానికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పావు తక్కువ రెండడుగుల ఎత్తు, ఇంచుమించు మూడు వందల లీటర్లు. ఇప్పుడే కొను, వచ్చే ఏడాది కాదు. మూడడుగులది మధ్యలో కొంటే రెండుసార్లు డబ్బు పోతుంది. కొత్త తొట్టిలో నీళ్లు పోసిన రోజే చేపని వేయకు. అమ్మోనియాని మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్లో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇప్పుడున్న ఫిల్టర్ స్పాంజిని పారేయకుండా కొత్తదాని పక్కనే పెడితే ఆ వ్యవధి తగ్గుతుంది. వారానికి మూడో వంతు నీరు మార్చాలి, అంటే వంద లీటర్లు. మున్సిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉంటుంది, డ్రమ్ములో పట్టి గాలి గొట్టం పెట్టి ఒక రోజు ఉంచి పొయ్యి.

బరువు సంగతి మర్చిపోకు. లీటరు నీరు కిలో. మూడు వందల లీటర్లకు గాజు, స్టాండు, ఇసుక కలుపుకుంటే నాలుగు క్వింటాళ్ల దగ్గర తేలుతుంది. మన ధాన్యం బస్తా 75 కిలోలు, అంటే ఐదు బస్తాలు. హాల్లో మూలన గోడ పక్కగా, కింద బీము ఉన్నచోట పెట్టుకుంటే సరిపోవచ్చు, ఓనరుకు చెప్పి పెట్టు. అదే ఆరడుగులు, రెండు వెడల్పు, రెండు ఎత్తు తొట్టి అయితే పన్నెండు బస్తాలు ఒక్క చోట పేర్చినట్టు. ఇళ్ల శ్లాబుకు మనుషులూ సామానూ కలిపి చదరపు మీటరుకు 200 కిలోలే లెక్క కడతారు. నీ మూడో అంతస్తు ఫ్లాటులో అలాంటిది ఇంజనీరును అడగకుండా పెట్టకూడదు.

ఇక మిగతావి నాకిచ్చెయ్. షార్కులు రెండూ, రూప్‌చంద్ మా పెరట్లో ప్లాస్టిక్ టబ్బుల్లో ఇరవై రోజులు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని చూసుకుని చెరువులో కలుపుతాను. అక్కడ అవి వాటి జాతితో తిరుగుతాయి. ఎప్పటికైనా పట్టుబడిలో వెళ్లిపోతాయి, అది నీకు దాచను. ఆలోచించుకుని ఒప్పుకుంటేనే తీసుకురా. నల్లదాన్ని మాత్రం చెరువు దరిదాపుల్లోకి రానివ్వను. మీ తాతగారి కాలం నాటి పశువుల కుడితి తొట్టి ఉంది కదా, ఎనిమిది అడుగులు, నాలుగు వెడల్పు. దాన్ని అందులో నేను పెంచుతాను. పదిహేనేళ్లు బతికినా పెంచుతాను, నేను లేకపోతే మీ అత్తకు చెప్పి ఉంచుతాను.

శనివారం వాటికి మేత పెట్టకు, కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీరు పాడవదు. ఆదివారం చల్లబాటున, ఆరింటికల్లా బయలుదేరు. షార్కులకు ఒకటి, రూప్‌చంద్‌కి ఒకటి, రెండు సంచులు ఆక్సిజన్ పట్టించి కట్టించు, పైన తడి గోనె కప్పు. నల్లదాన్ని సంచిలో వేయకు, ముళ్లకు చిరుగుతుంది, మూతున్న బకెట్లో తీసుకురా. తణుకు మీదుగా వస్తే తొమ్మిదిలోపు ఇక్కడుంటావు. కుడితి తొట్టి నిన్ననే కడిగించాను. పగులు ఒకటి కనిపిస్తే సిమెంటు పూయించి ఆరబెట్టాను, రేపు నీళ్లు పట్టిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య